కిండ్రెడ్ ఆఫ్ ది ఈస్ట్: ఆసియా రక్తపిశాచాల ఆట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లుగా స్నేహితులకు ఈ ఆట ఆడిస్తున్నాను. కొత్తగా చేరేవాళ్లందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు, ప్రతిసారీ మొదటి అరగంట వీటికే పోతుంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నాకు ఈ ఆటంటే చాలా ఇష్టం, ఇందులోని తప్పులు కూడా బాగా తెలుసు. రెండూ చెప్తాను.

అసలు ఇది ఏం ఆట?

1991లో అమెరికాలో వైట్ వుల్ఫ్ అనే సంస్థ ‘వాంపైర్: ది మాస్కరేడ్’ అనే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ తెచ్చింది. బోర్డు ఉండదు, పావులు ఉండవు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుంటారు, ఒకరు కథ నడిపిస్తారు, ఏం జరుగుతుందో తేలనప్పుడు పాచికలు వేస్తారు. అందులో మీరు వేసేది మనిషి పాత్ర కాదు, రక్తపిశాచి పాత్ర. భయం బయటి నుంచి కాకుండా మీలోంచే వస్తుందన్నది ఆ ఆట ప్రత్యేకత. 1998లో అదే సంస్థ, ‘చీకటి ప్రపంచం’ అనే అదే కల్పిత లోకంలో, తూర్పు ఆసియా పిశాచాల కోసం ‘కిండ్రెడ్ ఆఫ్ ది ఈస్ట్’ అనే పుస్తకం విడుదల చేసింది. ఈ పేజీ దాని గురించే. పాచికల మూల నియమాల కోసం వాంపైర్ ప్రధాన పుస్తకం కూడా పక్కన ఉండాలి.

డ్రాక్యులా లాంటివాళ్లకి చైనా బట్టలు తొడిగారు, అంతేనా?

కాదు. చాలామంది ఇలాగే అనుకుని మొదలుపెడతారు, రెండో సెషన్‌కి ఆట చప్పగా ఉందంటారు. ఆ రెండు రకాల పిశాచాలకీ పుట్టుకలోనే తేడా ఉంది.

పాశ్చాత్య వాంపైర్‌ని ఇంకో వాంపైర్ తయారుచేస్తాడు: రక్తం పీల్చేసి, తన రక్తం కొంచెం తాగిస్తాడు. అది ఒక వంశం, బైబిల్లోని కయీను దాకా వెళ్లే తరాల లెక్క. ఈ ఆటలోని పిశాచాల పేరు క్వే-జిన్. వీళ్లని ఎవరూ కొరకరు, వీళ్లు కొరికినా ఇంకొకరు క్వే-జిన్ అవ్వరు. బతికుండగా ఏదో ఘోరం చేసో, తీరని పని వదిలేసో, పట్టరాని కోపంతోనో చచ్చిపోతారు. నరకానికి వెళ్తారు. అక్కడి నుంచి పెనుగులాడి తప్పించుకుని మళ్లీ తమ శవంలోకే వస్తారు. దీన్ని ‘రెండో శ్వాస’ అంటారు. వచ్చిన కొత్తలో ఒళ్లు తెలియని ఆకలితో చేతికందినవాళ్లని తింటూ తిరుగుతారు. ఈ దశలో ఉన్నవాళ్లని చీ-మేయి అంటారు. పాతవాళ్లు పట్టుకుని, కట్టేసి, దారిలో పెడితేనే క్వే-జిన్ అవుతారు, లేకపోతే ఎప్పటికీ అంతే.

అంటే మీ పాత్ర ఒకసారి శిక్ష పడి, ఆ శిక్ష మధ్యలో పారిపోయి వచ్చిన మనిషి. ఇది పట్టుకోండి, మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

హున్, ఫో అంటే ఏమిటి? పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్‌లో వీటి బలం చూపే చుక్కలు విడిగా ఎందుకు?

ఈ రెండూ ఆట కోసం కల్పించినవి కావు. మనిషికి ఆత్మ ఒక్కటి కాదు, రెండు రకాలనేది పాత చైనా నమ్మకం. హున్ తేలికైనది, పైకి పోయేది, వివేకానికి సంబంధించింది. ఫో బరువైనది, ఒంటిని అంటిపెట్టుకుని ఉండేది, చచ్చాక మట్టిలో కలిసేది. మూడు హున్‌లు, ఏడు ఫోలు అని లెక్క కూడా ఉంది. హున్ వెళ్లిపోయి ఫో మాత్రం శవంలో మిగిలిపోతే ఆ శవం లేస్తుందని జనం భయపడేవాళ్లు.

ఆటలో ఫో అంటే నరకం నుంచి మీతో పాటు వచ్చిన రాక్షసుడు. దానికి తెలివి ఉంది, కోరికలున్నాయి, మీ రహస్యాలన్నీ తెలుసు. మీరు ఓడిపోయినప్పుడు మీ ఒంటిని అది నడిపిస్తుంది. పాశ్చాత్య వాంపైర్‌లో ఉండే ‘బీస్ట్’ మాటలు రాని ఆకలి. ఫో మాత్రం మీ గొంతుతోనే మాట్లాడుతుంది, అదీ చాలావరకు నిజాలే చెప్తుంది.

నేను ఫోని పక్కన కూర్చున్న ఆటగాడికి అప్పగిస్తాను. అంటే ఒకళ్ల చీకటిని ఇంకొకళ్లు ఆడతారు. పని చేస్తుందా అంటే చాలా బాగా చేస్తుంది. ఎలాగో కింద హాంకాంగ్ ప్రశ్నలో చెప్తాను.

రక్తం తాగుతారా లేదా?

తాగుతారు, కానీ వాళ్లకి కావాల్సింది రక్తం కాదు, అందులోని చి శక్తి. మన ‘ప్రాణం’ అనే మాట దీనికి చాలా దగ్గరగా వస్తుంది. అడుగు మెట్టులో ఉన్నవాళ్లు మాంసం, రక్తం నుంచి తీసుకుంటారు. ధర్మంలో (అదేమిటో తర్వాతి ప్రశ్నలో చెప్తాను) పైకి వెళ్లేకొద్దీ ఎదుటి మనిషి శ్వాసలోంచి తీసుకోవడం వస్తుంది. ఇంకా పైకి వెళ్తే నేలలో పారే శక్తి నుంచే. ఆకలి తీర్చుకునే తీరు చూస్తేనే ఎవరు ఏ మెట్టు మీదున్నారో తెలిసిపోతుంది. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

చి రెండు రకాలు, యిన్, యాంగ్. యిన్ ఎక్కువైతే ఒళ్లు చల్లబడి శవంలా కనిపిస్తారు, చచ్చినవాళ్ల లోకం దగ్గరవుతుంది. యాంగ్ ఎక్కువైతే బతికున్నవాళ్లలా ఉంటారు, బుగ్గల్లో రంగు ఉంటుంది, పిల్లల్ని కూడా కనగలరు. ఆ పిల్లల్ని ధాంపిర్ అంటారు. సూర్యుడు మాత్రం ఎవరికైనా శత్రువే.

ఇందులో ‘ధర్మం’ అంటే మన ధర్మమేనా?

తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మాట మనదే, అర్థం మనది కాదు. మనం రోజూ ‘ధర్మం’ అంటే న్యాయం, దానం, చేయాల్సిన పని అనుకుంటాం. ఇక్కడ ధర్మం అంటే పిశాచి తన శాపం నుంచి బయటపడటానికి ఎంచుకున్న దారి. అది మంచి దారే అయి ఉండాలని ఏమీ లేదు.

ప్రధానంగా ఐదు ఉన్నాయి. పులి రాక్షసుల దారిలో ఉన్నవాళ్లు ‘నన్ను రాక్షసుణ్ని చేశారు, రాక్షసుడి పనే చేస్తాను’ అని దుర్మార్గుల్ని వేటాడి హింసిస్తారు. కొంగ దారిలో ప్రాయశ్చిత్తం, క్రమశిక్షణ, చేసిన పాపం కడుక్కోవడం. నీడ పాట వాళ్లది యిన్ వైపు, చచ్చినవాళ్ల మాట వింటారు, పెద్దల్ని గౌరవిస్తారు. డ్రాగన్ నాట్యం వాళ్లది యాంగ్ వైపు, జీవితంలోకి, ఒంటిలోకి, అడవిలోకి దూకేస్తారు. వెయ్యి గుసగుసల దారి వాళ్లు ఒక్కో జీవితాన్నీ కొంతకాలం బతికి చూసి సమతూకం వెతుకుతారు.

కొత్తవాళ్లకి కొంగ తీసుకోమని చెప్తాను. ఏం చేయకూడదో స్పష్టంగా ఉంటుంది కాబట్టి తప్పు చేసినప్పుడు ఆ బరువు తెలుస్తుంది. పులి రాక్షసుల దారి చూడటానికి ఆకర్షణీయంగా ఉంటుంది, కానీ చేయి తిరగనివాళ్లు తీసుకుంటే కథ ఉత్త హింసగా మారిపోతుంది. హింసించేవాడికి తను ఎందుకు హింసిస్తున్నాడో తెలిసి ఉండాలి, అదే ఆ దారి అసలు కష్టం.

ధర్మంలో పై మెట్టు ఎక్కడానికి శత్రువుల్ని చంపితే చాలదు. మీ దారి గురించి నిజంగా ఏదో తెలిసిన క్షణం కథలో రావాలి. కాబట్టి కథ నడిపేవాళ్లు ప్రతి పాత్రకీ అలాంటి సందర్భాలు ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

యముడు ఉన్నాడా?

ఉన్నాడు, ఒక్కడు కాదు. ఆటలో వెయ్యి నరకాలు, వాటినేలే యమ రాజులు ఉన్నారు. వాళ్లు న్యాయం చెప్పేవాళ్లు కారు, పని చెడిపోయిన జైలు అధికారుల్లాంటివాళ్లు. రాబోయే చీకటి యుగంలో సింహాసనం ఎవరిదా అని కొట్టుకుంటుంటారు.

దీని వెనక ఉన్న అసలు చరిత్ర ఇంకా బాగుంటుంది. మన యముడు బౌద్ధంతో పాటు చైనా వెళ్లి యాన్‌లువో అయ్యాడు, జపాన్‌లో ఎన్మా అయ్యాడు. చైనాలో నరకానికి పది న్యాయస్థానాలు, పదిమంది రాజులు వచ్చారు. యాన్‌లువో మామూలుగా ఐదో న్యాయస్థానంలో కూర్చుంటాడు. ముందు కాగితాలు, గుమాస్తాలు, చిట్టాలు. మన చిత్రగుప్తుడి ఆఫీసే పదింతలు పెరిగిందనుకోండి. అలాగే మన ‘ప్రేతం’ అక్కడ ‘ఆకలి దెయ్యం’ అయింది. దాన్ని జపాన్‌లో గాకి అంటారు, సూది బెజ్జమంత గొంతు, కొండంత పొట్ట. క్వే-జిన్‌లోని ‘క్వే’ అంటే దెయ్యమే.

నరకాలన్నిటినీ కలిపి ఆటలో ‘యోమి’ అంటారు, అది మాత్రం సరికాదు. యోమి జపాన్‌ది, 712 నాటి కొజికి గ్రంథంలో ఉంది. అది పాపులకి శిక్ష వేసే చోటు కాదు, చచ్చినవాళ్లు ఉండే మురికి చీకటి లోకం. దాన్ని తీసుకొచ్చి చైనా నరకాలకి పేరుగా పెట్టేశారు.

ఆసియావాళ్లని కించపరిచేలా ఉందని విన్నాను. నిజమేనా?

చాలావరకు నిజమే, దాన్ని దాచి ఆడించడం నాకు ఇష్టం లేదు.

ముందు పేరే చూడండి. ‘క్వే’ చైనా మాట, ‘జిన్’ మాత్రం ‘మనిషి’ అనే లిపి గుర్తుని జపాన్‌వాళ్లు చదివే తీరు. పూర్తిగా చైనా భాషలో గ్వేరెన్ అనాలి, జపాన్‌లో కిజిన్ అనాలి. సగం అది, సగం ఇది. ఎవరైనా తమిళం మాట ఒకటి, పంజాబీ మాట ఒకటి అతికించి ‘ఇదే భారతీయుల పేరు’ అంటే మనకెలా ఉంటుంది? చైనా, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా అన్నీ ఒకే గంపలో వేశారు. ఎక్కడ చూసినా నిగూఢం, అంతుపట్టని జ్ఞానం, గడ్డం నిమిరే గురువులు. మామూలు మనుషులు తక్కువ. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు రాసి ఉంటే ఇలా ఉండేది కాదు.

మరి ఎందుకు ఆడుతున్నానంటే, చచ్చాక కూడా బాకీ తీరని మనిషి అనే ఆలోచన అంత బలమైనది కాబట్టి. తప్పులు సరిచేసుకుని ఆడొచ్చు. నేను చేసేది మూడు పనులు. మొత్తం ఆసియాని పక్కనపెట్టి ఒకే నగరం, ఒకే సంవత్సరం తీసుకుంటాను. ఆ ఊరి దెయ్యాల కథలు ఏమున్నాయో చదివి అవే వాడతాను. ప్రతి పాత్రకీ బతికున్నప్పటి ఉద్యోగం, ఇంటి అద్దె, అమ్మానాన్నలు రాయమంటాను. గురువు యాస పెట్టి మాట్లాడటం మా బల్ల దగ్గర కుదరదు.

జియాంగ్‌షీ, పొంతియానాక్, పెనంగలన్ లాంటివి ఇందులో ఎక్కడ సరిపోతాయి?

ఇవన్నీ ఒకప్పుడు జనం చూసిన క్వే-జిన్‌లే అని చెప్పి కలిపేసుకోవచ్చు. నేను అలా చేయను, ఎందుకంటే ఒక్కోదానికీ దాని సొంత భయం ఉంది.

జియాంగ్‌షీ అంటే కట్టెలా బిగుసుకుపోయి గెంతుతూ వచ్చే చైనా శవం. క్వింగ్ రాజవంశం కాలపు అధికారి దుస్తులు, నుదుటి మీద పసుపు కాగితం మంత్రం, ఊపిరి బిగబడితే మనల్ని పసిగట్టలేకపోవడం, ఇవన్నీ 1980ల హాంకాంగ్ సినిమాలతో ప్రపంచమంతా తెలిశాయి. వెనక ఉన్నది మాత్రం దిగులు కథే. దూరదేశంలో చచ్చిపోయిన కూలీల శవాల్ని సొంతూరికి నడిపించి తీసుకొచ్చేవాళ్లని హునాన్ పశ్చిమ ప్రాంతంలో చెప్పుకునేవాళ్లు. సొంత మట్టిలో పూడ్చకపోతే ఆత్మకి శాంతి ఉండదు కదా.

మలయా దేశాల పెనంగలన్ రాత్రిపూట తల ఒక్కటే పేగులతో సహా ఒంటి నుంచి విడిపోయి ఎగురుతుంది. తిరిగొచ్చాక ఉబ్బిన పేగుల్ని వెనిగర్‌లో ముంచి కుదించుకుని ఒంట్లోకి దూరుతుంది. అందుకే ఆ ఇంట్లో వెనిగర్ వాసన వస్తుందంటారు. బాలింత ఉన్న ఇంటి కిటికీలకి ముళ్ల మొగలి జాతి ఆకులు కడతారు, పేగులు చిక్కుకుంటాయని. ఫిలిప్పీన్స్‌లో మనానంగల్ నడుము దగ్గర విడిపోతుంది, వదిలి వెళ్లిన కింది సగం మీద ఉప్పో బూడిదో చల్లితే మళ్లీ అతుక్కోలేదు. పొంతియానాక్ కాన్పులో చనిపోయిన స్త్రీ. ఇండోనేషియాలో ఆ పేరుతో ఒక పెద్ద నగరమే ఉంది.

వీటిలో చాలావాటికి కాన్పుతో సంబంధం ఉండటం యాదృచ్ఛికం కాదు. కాన్పు అంటే చావుబతుకుల సమస్య అయిన రోజుల్లో ఆ భయానికి ఒక ముఖం కావాల్సి వచ్చింది. ఆటలో వీటిని తెచ్చేటప్పుడు ఆ గౌరవం ఉంచండి. కేవలం కొట్టి చంపాల్సిన రాక్షసిగా పెడితే కథ అక్కడే అయిపోతుంది.

మీ బృందం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇంకో రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడేవాళ్లైతే అక్కడా దారులున్నాయి: 1981 నాటి ఫీండ్ ఫోలియో అనే రాక్షసుల పుస్తకంలో పెనంగలన్ ఉంది, 2021లో వచ్చిన రేవెన్‌లాఫ్ట్ పుస్తకంలో జియాంగ్‌షీ ఉంది.

బేతాళుడిని పెట్టొచ్చా?

అందరూ అడుగుతారు. చందమామ చదివి పెరిగినవాళ్లకి భుజాన శవం, చేతిలో కత్తి, ఆ బొమ్మ కళ్లముందే ఉంటుంది. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోనూ ఈ ఇరవై ఐదు కథలు ఉన్నాయి. 1870లో రిచర్డ్ బర్టన్ వీటిని ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు బేతాళుణ్ని వాంపైర్ అన్నాడు, అప్పటి నుంచి ఆ ముద్ర పడిపోయింది. కానీ మన బేతాళుడు రక్తం కోసం రాడు. శవంలో దూరి, కథ చెప్పి, ప్రశ్న అడుగుతాడు.

నా సలహా ఏమిటంటే క్వే-జిన్‌గా కాకుండా వాళ్లు వెతుక్కుంటూ వెళ్లే ఒక పాత జీవిగా పెట్టండి. ఆటగాళ్లకి ఒక సమాచారం కావాలి, అది చెప్పే ముందు అతను వాళ్ల ధర్మం గురించే ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే నష్టం, చెప్తే మళ్లీ మొదటికి. పాచికలు అవసరమే లేదు.

అసలు ఆటలో భారతదేశాన్ని క్వే-జిన్‌లకి ఇవ్వలేదు, ఎక్కువగా రావ్నోస్ అనే పాశ్చాత్య వాంపైర్ల తెగకి అప్పగించారు. 1999 నాటి కథలో ఆ తెగ మూలపురుషుడు నిద్రలేస్తాడు, బంగ్లాదేశ్‌లో ముగ్గురు మహా క్వే-జిన్‌లతో పోరాడతాడు. చదవడానికి బాగుంటుంది కానీ అందులో ఇక్కడి మనుషులు కనిపించరు, అందుకే నేను వాడను.

పాచికలు ఎలా వేయాలి?

పది ముఖాల పాచికలు కావాలి, మనిషికో పది ఉంటే హాయి. మీ సహజ గుణం, నైపుణ్యం చుక్కలు కలిపి అన్ని పాచికలు వేస్తారు. మామూలు పనికి 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే అది ఒక విజయం, ప్రతి 1 ఒక విజయాన్ని కొట్టేస్తుంది. ఆరు పాచికలు వేస్తే 8, 7, 6, 3, 1, 1 పడ్డాయనుకోండి: మూడు విజయాలు, రెండు పోయాయి, ఒకటి మిగిలింది. పని అయింది, అంతంతమాత్రంగా. ఒక్క విజయమూ పడకుండా 1 పడిందంటే పని బెడిసికొట్టినట్టే.

ఎంతమంది ఉండాలి?

కథ నడిపేవాళ్లు కాక ముగ్గురు చాలు, ఐదుగురైతే చక్కగా కుదురుతుంది. చైనా లెక్కలో దిక్కులు ఐదు, మధ్య కూడా ఒక దిక్కే. క్వే-జిన్‌ల చిన్న గుంపుని ‘వూ’ అంటారు, అందులో ఒక్కో దిక్కుకీ ఒక్కో బాధ్యత ఉంటుంది.

మొదటి కథ ఎక్కడ పెట్టాలి?

హాంకాంగ్, 1997. ఆ జులై 1న బ్రిటన్ ఆ నగరాన్ని చైనాకి అప్పగించింది. ఊరంతా రెండు లోకాల మధ్య ఉన్నట్టుంటుంది, మీ పాత్రలూ అంతే. బోనుల్లాంటి మంచాల గదుల్లో ముసలివాళ్లు, మూడేళ్ల కిందే కూల్చేసిన కౌలూన్ కోట పేట జ్ఞాపకాలు, ఆకాశహర్మ్యాల కింద ధూపం వెలిగించే చిన్న గుళ్లు. ఏడో చాంద్రమాసంలో ఆకలి దెయ్యాల పండగ వస్తుంది. జనం రోడ్డు పక్కన డబ్బాల్లో కాగితం నోట్లు, కాగితం బట్టలు కాలుస్తారు, చచ్చినవాళ్లకి చేరాలని. మహాలయ అమావాస్యకి పిండం పెట్టి కాకి కోసం చూసిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది వివరించాల్సిన పనే లేదు.

మా ఆటలో ఒకమ్మాయి పాత్ర షామ్ షుయ్ పో పేటలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి చచ్చిపోయింది. నరకం నుంచి తిరిగొచ్చాక ఆ పండగ రాత్రి సొంత వీధికి వెళ్లింది. తమ్ముడు రేకు డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఆమె పేరు మీద నోట్లు ఒక్కొక్కటే నిప్పులో వేస్తున్నాడు. పక్కన మూడు కమలాలు, ఒక గిన్నెలో అన్నం. నేను అంతవరకే చెప్పి ఆగాను. ఆమె ఫోని ఆడుతున్న అబ్బాయి పక్కకి వంగి చాలా మెల్లగా, ‘నువ్వు పోయాక ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన డబ్బు ఎంతో అడుగు. అందులోంచే ఈ కమలాలు కొన్నాడు’ అన్నాడు.

ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘నేను వాడి వెనక నిలబడి, వాడు ఊపిరి వదిలినప్పుడు కొంచెం తీసుకుంటాను. కొంచెమే’ అంది. ఆ రాత్రి ఒక్క పోరాటం లేదు, ఒక్క చుక్క రక్తం లేదు. ఇప్పటికీ మా వాళ్లు చెప్పుకునేది ఆ సెషన్ గురించే.

భయం మరీ ఎక్కువైతే?

మొదలుపెట్టే ముందే ఒక పూట కూర్చుని ఏవి అసలు రాకూడదో, ఏవి తెర వెనక జరిగిపోవాలో మాట్లాడుకోండి. పిల్లల చావు, కాన్పు, ఆత్మహత్య లాంటివి తప్పకుండా అడగండి, కారణం మాత్రం అడగొద్దు. బల్ల మధ్యలో ఒక కార్డు పెట్టండి, ఎవరు ముట్టుకున్నా ఆ సన్నివేశం అక్కడితో ఆగిపోతుంది. ఫో పాత్ర ఆడేవాళ్లకి ఇంకో నియమం: పాత్ర జీవితం గురించి ఏమైనా అనొచ్చు, ఆటగాడి సొంత జీవితం గురించి ఒక్క మాట కూడా అనకూడదు. మొదట్లో ఒకసారి ఇది చెప్పడం మర్చిపోయాను, ఒక స్నేహితురాలు ఏడ్చి లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ప్రతి క్యాంపెయిన్‌లో, అంటే చాలా సెషన్లు సాగే కథలో, ముందు ఇదే చెప్తున్నాను.

కొత్త ఎడిషన్ ఉందా?

లేదు. 2004లో పాత చీకటి ప్రపంచం కథ ముగిసింది. 2015లో వైట్ వుల్ఫ్‌ని పారడాక్స్ అనే గేమ్ సంస్థ కొనుక్కుంది, 2018లో వాంపైర్ ఐదో ఎడిషన్ వచ్చింది, క్వే-జిన్‌లకి మాత్రం కొత్త పుస్తకం రాలేదు. పాతది పీడీఎఫ్‌గా డ్రైవ్‌త్రూ ఆర్‌పీజీ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

తెలుగులో ఆడించొచ్చా?

మేం ఆడేది తెలుగులోనే. నియమాల మాటలు ఇంగ్లిష్‌లో ఉంచేస్తాం, పాత్రల మాటలు తెలుగులో. ఒక్క జాగ్రత్త: ‘ధర్మం’ అన్న ప్రతిసారీ దారి పేరు కూడా కలిపి ‘కొంగ ధర్మం’, ‘నీడ ధర్మం’ అనండి, లేకపోతే ఎవరో ఒకరు భారతంలోకి వెళ్లిపోతారు. అలాగే ఫోతో పాత్ర ‘నువ్వు’ అనే మాట్లాడాలి. మా బృందంలో ఒకాయన తన ఫోని ‘మీరు’ అనడం మొదలుపెట్టాడు. నాలుగు సెషన్లు గడిచేసరికి ఆ పాత్ర ఏం చేయాలన్నా ముందు దాన్ని అడుగుతోందని మాకందరికీ అర్థమైంది, ఆయనకి తప్ప.